దివ్యసత్ప్రసాదం: "అప్పం రుచి మారలేదు కదా" అన్న సందేహానికి

"పూజలో అప్పం అప్పంలాగే ఉంది, మరి క్రీస్తు శరీరం ఎలా అయింది, అది జ్ఞాపకార్థమే కదా" అని ఒకరు అన్నారు. దివ్యసత్ప్రసాదమంటే కతోలిక పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం, అంటే గోధుమ రొట్టె. చిక్కంతా మారేది ఏమిటన్న దగ్గరే ఉంది.

1. రంగు, రుచి, బరువు మారతాయని కతోలిక సభ అనదు. మారేది లోపలి సారం, 1551లో ట్రెంట్ మహాసభ (కతోలిక బిషప్పుల సమావేశం) చెప్పింది కూడా ఇదే. ల్యాబ్‌లో పెడితే గోధుమపిండే తేలుతుంది, దానికెవరూ కంగారుపడరు.

2. చాలామంది దాటేసేది "జ్ఞాపకం" అన్న మాటని. పాత ఫోటో చూసి గుర్తు చేసుకోవడం లాంటిది కాదండీ, పస్కా పండుగ రాత్రి యూదులు ఐగుప్తు నుంచి విడుదల తమకే జరిగినట్టు చెప్పుకుంటారే, అలాంటిది. సిలువ బలి మళ్లీ జరగదు, ఆ ఒక్క బలే పీఠం మీద మన ముందుకొస్తుంది. ఇది ఎక్కేదాకా మిగతాదంతా వింతగానే ఉంటుంది, నాకూ అంతే.

3. యోహాను 6వ అధ్యాయం, 51 నుంచి 66 దాకా చదవండి. మాట కఠినంగా ఉందని శిష్యులు వెళ్లిపోతుంటే యేసు "ఊరికే పోలికగా అన్నాను, ఆగండి" అనలేదు.

ఈసారి పూజకు వెళ్లినప్పుడు గమనించండి, అది క్రీస్తు శరీరమేనని నమ్మబట్టే మిగిలిన అప్పాలను మందసంలో (గుడిలోని చిన్న పెట్టెలో) పెట్టి తాళం వేస్తారు, పక్కన దీపం వెలుగుతూనే ఉంటుంది. మీరు కతోలికులు కాకపోతే మాత్రం అప్పం కోసం లైన్‌లో నిలబడే ముందు పూజ చేసే గురువుగారిని అడగండి.