లయ ఎక్కడ జారుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మనవరాలికి వీడియోకాల్‌లో సంగీతం చెబుతున్నాను. సరళి స్వరాలు మొదటి కాలంలో చక్కగా పాడుతుంది. నేను తాళం వేస్తూ కలిసి పాడితే మూడో కాలానికి వచ్చేసరికి ఇద్దరం విడిపోతున్నాం. నెట్ స్పీడు పెంచినా లాభం లేదు. లోపం ఎక్కడ? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: పిల్లలో లోపం లేదు, నెట్ స్పీడులోనూ లేదు. అది దూరం తెచ్చిన తంటా. స్పీడు పెంచితే ఒకేసారి ఎక్కువ సరుకు వెళ్తుంది, త్వరగా చేరదు. ఫైబరు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. పోతుంది. మీ ఇద్దరి మధ్య తిన్నగా కొలిచినా 14,000 కి.మీ. పైమాటే. అంటే రానూపోనూ 140 మిల్లీసెకన్లు ఎలాగూ తప్పవు. తీగలు తిరిగే చుట్టుదారి, శబ్దాన్ని కుదించి విప్పే పని, మాట తెగకుండా యాప్ కాస్త నిల్వ పెట్టుకోవడం, ఇవన్నీ కలిసి 300 దాటడం మామూలే.

సెకనుకో దెబ్బ చొప్పున తాళం వేస్తే మూడో కాలంలో దెబ్బకు 4 స్వరాలు, ఒక్కో స్వరానికి 250 మిల్లీసెకన్లు. మీ ‘స’ విని పిల్ల పాడిన ‘స’ మీ చెవిన పడేసరికి మీరు ‘రి’ మీద ఉంటారు. మొదటి కాలంలో స్వరానికి పూర్తి సెకను ఉంటుంది కాబట్టి ఆ తేడా అందులో దాక్కుంటుంది. పిల్ల వెనకబడిందని మీరు ఆగుతారు, మీరు ఆగారని ఆమె ఇంకా ఆగుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చాఫ్ బృందం ఇద్దరేసి మనుషుల్ని వేరువేరు గదుల్లో ఉంచి ఒకరి చప్పుడు మరొకరికి కాస్త ఆలస్యంగా వినిపించేలా చేసి, చప్పట్లు కొట్టించి చూసింది. ఆలస్యం ఒక వైపుకు సుమారు 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే వేగం కాస్త పెరిగింది, 10–20 మధ్య నిలకడగా ఉంది, ఆపైన తగ్గుతూ పోయింది, 60 దాటాక పొంతనే కుదరలేదు.

కాబట్టి కలిసి పాడడం మానండి. మీరు పాడి ఆపాక ఆమె పాడాలి, తాళం ఆమే వేసుకోవాలి, అప్పుడు మీ మైకు మ్యూట్‌లో ఉండాలి. శ్రుతి ఎవరి ఇంట్లో వాళ్ళు పెట్టుకోండి. కలిసి పాడించాలనే ఉంటే మీ గొంతును తాళంతో రికార్డు చేసి పంపండి. ఆమె దాన్ని వేరే ఫోను స్పీకరులో వేసుకుని పాడుతుంది. రెండూ ఆ గదిలోనే కలిసి ఒకే మైకులో పడతాయి, ఎంత ఆలస్యంగా వచ్చినా కలిసే వస్తాయి. జూమ్ అయితే ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేయించండి. లేకపోతే తంబురా నాదాన్ని ఫ్యాను రొద అనుకుని కోసేస్తుంది.

ప్రశ్న: ట్యాబ్‌లో కీబోర్డు యాప్ వాయిస్తే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మోత వెనకాల వస్తోంది. అవే పెట్టుకుని సినిమా చూస్తే తేడా తెలియదు. ఎందుకని? (ఇంటర్ విద్యార్థి, వరంగల్)

జవాబు: సినిమాలో బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తారు. మీ వేలు ఎప్పుడు పడుతుందో యాప్‌కు ముందు తెలియదు కదా. మామూలు బ్లూటూత్‌లో 150–250 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. వైరు ఇయర్‌ఫోను కొనుక్కోండి.

ప్రశ్న: ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), విండోస్ లాప్‌టాప్‌తో పాటలు రికార్డు చేస్తున్నాను. హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే లేటుగా వస్తోంది. బఫర్ తగ్గిస్తే చిటపటలు. (గాయకుడు, విజయవాడ)

జవాబు: బఫర్ అంటే లాప్‌టాప్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం, శాంపిల్ అంటే అందులో ఒక్కో తునక. బఫర్ 512 శాంపిళ్ళు, రేటు సెకనుకు 44,100 శాంపిళ్ళు అయితే ఒక వైపుకు 11.6 మిల్లీసెకన్లు. లోపలికీ బయటికీ కలిపి 23, దాని మీద శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే కన్వర్టర్ల వంతు. వాయిద్యాల వాళ్ళు దీన్ని కొంత ఓర్చుకుంటారు గానీ గాయకులకు కుదరదు. మీ గొంతు ఎముకల గుండా మీకు వెంటనే వినిపిస్తుంది, హెడ్‌ఫోనుది వెనకొస్తుంది. రెండూ కలిసి కొన్ని స్థాయులు కొట్టుకుపోయి కుండలో పాడినట్టుంటుంది. ఆలస్యం 200 మిల్లీసెకన్ల దగ్గరైతే నాలుకే తడబడుతుంది.

ముందు డ్రైవర్ చూడండి. విండోస్‌తో వచ్చిన మామూలు డ్రైవర్ కాకుండా ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఆసియో (ASIO, ఆలస్యం తగ్గించే రకం) డ్రైవర్ ఎంచుకోండి. రేటు 48,000, బఫర్ 128 పెడితే ఒక వైపుకు 2.7 మిల్లీసెకన్లే. అంత తక్కువ వ్యవధిలో లాప్‌టాప్ లెక్క ముగించలేకపోతే చిటపటలొస్తాయి. ఛార్జరు పెట్టండి, వై-ఫై ఆపండి, ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాక నేరుగా లాప్‌టాప్‌కే తగిలించండి, పిచ్ సవరించే బరువైన ప్లగిన్లు (అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్లు) తీసేయండి. పాట అయ్యాక మిక్సింగ్‌కు 1024 పెట్టుకోవచ్చు.

ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే ఇంకా తేలిక, గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండా చెవికి వచ్చేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ (పాడుతుండగా తిరిగి వినిపించడం) ఆపాలి. అది మరిచిపోయి ‘రెండు గొంతులు’ అని తల పట్టుకునేవాళ్ళే ఎక్కువ.

రికార్డయిన ట్రాకే జరిగిపోతుంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు కేబుల్ కలిపి, డైరెక్ట్ మానిటర్ ఆపి (లేకపోతే కీచుమంటుంది), ఒక క్లిక్ రికార్డు చేయండి. అసలు క్లిక్‌కూ దీనికీ తేడా 48,000 రేటులో 480 శాంపిళ్ళుంటే 10 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్‌లో సవరణ అంకెగా ఆ 480 ఇవ్వండి.

ప్రశ్న: మా భజన మందిరంలో వేదికకు 24 మీటర్ల దూరంలో స్పీకర్లు పెట్టాక వెనక కూర్చున్నవాళ్ళకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తోంది. తబలా కూడా తప్పుతోంది. (నిర్వాహకులు, అనకాపల్లి)

జవాబు: ఇవి రెండు వేరు సమస్యలు. గాలిలో శబ్దానికి మీటరుకు సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు స్పీకర్ల మోత 24 మీటర్లు నడిచేసరికి 70 దాటకపోయినా దగ్గరికొస్తుంది. తీగలో వచ్చిన వెనక స్పీకరు మాట మాత్రం వెంటనే వినిపిస్తుంది, అందుకే రెండుసార్లు. మిక్సరులో వెనక స్పీకర్లకు మరో 10 కలిపి 80 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వండి. మాట ముందు నుంచే వస్తున్నట్టుంటుంది.

తబలాకు మాత్రం దీనితో కష్టం పెరుగుతుంది. వెనక స్పీకరు మోత వేదికకు ఇదివరకు 70 ఆలస్యంగా చేరేది, ఇప్పుడు 150 అవుతుంది. అందుకని ఆ స్పీకర్లను వెనక గోడ వైపు కిందికి వంచి, మోత తగ్గించండి. తబలా, హార్మోనియం వాళ్ళకు ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరంలో చిన్న మానిటర్ స్పీకరు పెట్టి అందులో గాయకుడి గొంతు, తాళాలు మాత్రమే ఇవ్వండి.