777 కొట్టే ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ లినక్స్ సర్వర్‌లో రాత్రి నడవాల్సిన బ్యాకప్ స్క్రిప్టు "పర్మిషన్ డినైడ్" అంటూ ఆగిపోతోందనీ, పక్క సీటు సీనియర్ హక్కులు మార్చే సీహెచ్‌మోడ్ (chmod) ఆదేశంతో ఆ ఫైలుకు 777 కొట్టేయమన్నాడనీ రాశావు. ఆ పని మాత్రం చేయకు. 777 ఇవ్వడమంటే ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతివారికీ, ఏ వెబ్ ప్రోగ్రాంలోని లోపం గుండానో చొరబడినవాడికి సైతం, ఆ ఫైలును చదివే, మార్చే, నడిపే హక్కు రాసివ్వడమే. పైగా అసలు చిక్కు ఎక్కడుందో నీకు ఎప్పటికీ తెలియదు.

ముందు ఎల్ఎస్ మైనస్ ఎల్ (ls -l) కొట్టి ఫైలు ఓనర్ ఎవరో, గ్రూప్ ఏదో చూడు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, మూడూ కలిస్తే 7; మూడు అంకెలు వరుసగా ఓనర్‌కూ, గ్రూపుకూ, మిగతావారికీ అన్న లెక్క నీకు తెలిసిందే. అయితే సిస్టం మూలభాగమైన కెర్నల్ ఆ మూడు వరుసలనూ కలిపి చూడదు. నువ్వే ఓనర్‌వైతే ఓనర్ వరుస దగ్గరే ఆగిపోతుంది కనుక, 070 ఉన్న ఫైలును గ్రూపులోని మిగతా అందరూ చదవగలిగినా దాని ఓనర్ చదవలేడు.

ఫైలు హక్కులు సరిగ్గా ఉండి కూడా అది తెరుచుకోకపోతే దారిలోని డైరెక్టరీలను అనుమానించాలి. డైరెక్టరీ మీద ఎక్స్ (x, ఫైలు మీదైతే నడిపే హక్కు) అంటే గడప దాటే అనుమతి. ఆర్ (r, చదివే హక్కు) ఒక్కటే ఉంటే లోపలి పేర్లు కనిపిస్తాయి గానీ వాటిని ముట్టుకోలేవు. నేమీ మైనస్ ఎల్ (namei -l) అని కొట్టి ఫైలు పూర్తి పాత్, అంటే దాని దారి, ఇస్తే, అన్నింటికీ పైనున్న రూట్ డైరెక్టరీ మొదలుకొని ఒక్కో మెట్టు హక్కులనూ ఒక్కో వరుసలో చూపిస్తుంది. ఫైలును చెరిపే హక్కు కూడా అది ఉన్న డైరెక్టరీనిబట్టే వస్తుంది. 444 పెట్టిన ఫైలునైనా, ఆ డైరెక్టరీలో రాసే, ప్రవేశించే హక్కులున్నవాడు తీసేయగలడు. అందరూ రాసుకొనే తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ టీఎంపీకి (/tmp) 1777 ఉండడం ఇందుకే: ముందున్న ఆ 1 ఒకరి ఫైలును మరొకరు చెరపకుండా కాపాడుతుంది.

నా తొలి ఉద్యోగంలో, ఫైళ్లన్నింటినీ 644 చేద్దామన్న ఉత్సాహంతో, సర్వాధికారాలున్న రూట్ ఖాతాలో ఉండి సీహెచ్‌మోడ్‌కు, లోపలివాటన్నింటికీ వర్తింపజేసే మైనస్ పెద్ద ఆర్ (-R) తగిలించి సైటు డైరెక్టరీ మొత్తం మీద వదిలాను. డైరెక్టరీల ఎక్స్ కూడా ఊడిపోయి, ప్రతి పేజీ 403 (ప్రవేశం లేదు) అని చూపడం మొదలుపెట్టింది. అలాంటి చోట అంకెలు వాడకుండా అక్షరాల పద్ధతిలో పెద్ద ఎక్స్ (X) ఇవ్వాలని అప్పుడు నేర్చుకున్నాను. అది డైరెక్టరీలకూ, అప్పటికే ఎవరో ఒకరికి ఎక్స్ ఉన్న ఫైళ్లకూ మాత్రమే తగులుతుంది.

స్క్రిప్టు నడిపే ఖాతాను ఏదైనా గ్రూపులో చేర్చాల్సి వస్తే, ఖాతా వివరాలు మార్చే యూజర్‌మాడ్‌కు పెద్ద జీ ఇచ్చేటప్పుడు దాని ముందు చిన్న ఏ (usermod -aG) మరవకు. మరిచావా, ఆ ఖాతాకు ఉన్న మిగతా అదనపు గ్రూపులన్నీ పోతాయి. మళ్లీ లాగిన్ అయితే తప్ప కొత్త గ్రూపు అందదు. ఐడీ (id) ఆదేశం కొట్టి సరిచూసుకో.

ఏదీ మార్చకముందే ఆ బ్యాకప్ ఫైలు పాత్ మీద నేమీ నడిపి, వచ్చిన వరుసలను యథాతథంగా నాకు పంపు. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసి చెబుతాను.

నీ మామయ్య