సేవ్ చేస్తే ఫైలంతా మారిపోతోంది

ప్రశ్న: కోడ్ రాసే ఎడిటర్ విఎస్ కోడ్‌లో నేను ఒక్క వరుస దిద్ది సేవ్ చేసినా, విజయవాడలో ఉన్న నా స్నేహితురాలు రాసిన వరుసలన్నీ మారినట్టు, ఫైళ్లలో మార్పుల లెక్క ఉంచే గిట్ చూపుతోంది. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ కోడ్‌లో తప్పేమీ లేదమ్మా. సేవ్ చేయగానే కోడ్‌ను సర్దే 'ఫార్మాట్ ఆన్ సేవ్' మీ ఇద్దరి దగ్గరా వేర్వేరు అమరికలతో నడుస్తూ, ఒకరి ఎడిటర్ వరుస మొదట్లో రెండు ఖాళీలు, మరొకరిది నాలుగు ఖాళీలు పెడుతున్నప్పుడు సాధారణంగా ఇలాగే జరుగుతుంది. ఇద్దరూ కోడ్‌ను సర్దిపెట్టే ప్రెట్టియర్ అనే పనిముట్టునే వాడుతూ, దాని అమరికల ఫైలును ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంచి గిట్‌లో చేర్చండి. ఆపైన ఒక్కొక్క ఫైలునూ తెరిచి, విండోస్‌లో షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ మీటలు కలిపి నొక్కి సర్ది, ఆ మార్పులను మాత్రమే విడి కమిట్‌గా (గిట్‌లో ఒకేసారి భద్రపరిచే మార్పుల కట్టగా) పెట్టండి. అసలు పనిని అందులో కలిపితే తర్వాత ఏది ఎందుకు మారిందో వెతుక్కోవడం నరకమే.

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో లింకు ముగింపు ట్యాగును ప్రెట్టియర్ విరిచి కింది వరుసలో వేస్తే కంగారుపడి చేత్తో సరిచేయకండి. అక్కడ ఒక్క ఖాళీ అదనంగా చేరినా పేజీలో పదాల మధ్య ఎడం కనిపిస్తుంది కనుకనే అది అలా విరుస్తుంది.

ఒకే పేరును పలుచోట్ల మార్చాలంటే దాని మీద కర్సర్ ఉంచి కంట్రోల్, డి నొక్కుతూ పోయి, అన్నీ ఎంపికయ్యాక కొత్త పేరు టైపు చేయండి.