ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ మెదడు కణాలు చచ్చిపోతాయా? ప్రోటీన్ పౌడర్ పట్టాలా?

మీ పాపకి ఫిట్స్ వచ్చినప్పుడల్లా మెదడు దెబ్బతింటుందేమోనని భయంగా ఉందని, ప్రోటీన్ పౌడర్ పడితే కాపాడుతుందని ఎవరో చెప్పారని రాశారు. ఆ డబ్బా కొనకండి. తిన్న ప్రోటీన్ కడుపులోనే అరిగిపోతుంది. మెదడుని కాసే ప్రోటీన్లని మెదడు కణాలే తయారు చేసుకుంటాయి. పాపకి గుడ్డు, పప్పు మామూలుగా పెట్టండి, చాలు.

మాది నరసన్నపేట దగ్గర. మా తమ్ముడికి టెన్త్ నుంచీ ఫిట్స్, అందుకే ఈ సంగతులన్నీ చదవాల్సొచ్చింది. ఫిట్స్‌లో మెదడు కణాలు గ్లుటమేట్ అనే రసాయనాన్ని గుమ్మరిస్తాయి. దాంతో పక్క కణాల్లోకి కాల్షియం తోసుకొస్తుంది. మితిమీరితే ఆ కాల్షియమే కణాన్ని చంపుతుంది. దీనికి అడ్డుపడే ప్రోటీన్లు చాలానే ఉన్నాయి. మెదడు కణాలకి తోడుగా ఉండే ఆస్ట్రోసైట్ కణాల మీదుండే ఒకటి గ్లుటమేట్‌ని లాగేస్తుంది. కాల్‌బిండిన్, పార్వాల్బుమిన్ కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. హెచ్‌ఎస్‌పీ70 పాడైన ప్రోటీన్లని మళ్ళీ సరిచేస్తుంది. బీసీఎల్-2 కణం తనంతట తాను చచ్చిపోకుండా ఆపుతుంది. అందుకే ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోయే ఫిట్స్‌కి అంత బెంగ అక్కర్లేదు.

కానీ ఇవన్నీ వంశధార గట్టు మీద ఇసుక బస్తాలే, వరద తగ్గకపోతే ఎంతసేపని ఆగుతాయి? 5 నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ. 30 నిమిషాలు దాటితే శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంకోటి, నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది: మెదడుని శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు కూడా ప్రోటీన్లే. ఫిట్స్ సాగేకొద్దీ అవి కణం పైపొర మీంచి లోపలికి పోతాయి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే పనిచేసేది వాటి మీదే. ఆలస్యమైతే అదే మందు అంత బాగా పట్టదు.

మా ఇంట్లో స్ప్రే టీవీ పక్కన మేకుకి కవర్లో వేలాడుతుంటుంది. తమ్ముడు పడిపోగానే మా పిన్ని "ఇనుము పెట్టండర్రా చేతిలో" అంటూ తాళాలు తెస్తుంది. పెట్టుకోనిస్తాను, గొడవెందుకు. తాళాలు పెట్టాక ఆగిందంటే, అది ఆగే వేళయిందంతే. నేను ఫోన్లో టైమ్ చూసుకుని, వాణ్ణి పక్కకి తిప్పి చొంగ బయటికి కారేలా పడుకోబెడతాను. నోట్లో చెంచా, నీళ్ళు, ఏదీ పెట్టొద్దు.

ఈసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు పాప బరువుకి ఎంత స్ప్రే, ఎన్నో నిమిషానికి కొట్టాలి అని చీటీ మీద రాయించుకోండి. 5 నిమిషాలకీ ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యండి. పైడితల్లి జాతరకి తీసుకెళ్ళినా రాత్రి మాత్ర మానొద్దు, నిద్ర చెడనివ్వొద్దు.