మావాడు డ్రైవర్లు రాస్తానంటున్నాడు, మాన్పించి ఏఐలో చేర్పించనా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడాది. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరారు. వీడేమో లినక్స్ కెర్నల్, కేమాలాక్, డీఎంఏ అంటూ అర్ధరాత్రి దాకా ఓ చిన్న బోర్డు ముందు కూర్చుంటాడు. రెండిట్లో ఏది మేలు? - ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. మీ అసలు టెన్షన్ ఉద్యోగం గురించి కూడా కాదు. 'మీవాడేం చేస్తున్నాడు?' అని చుట్టాలు అడిగితే 'డ్రైవర్లు రాస్తాడు' అని చెప్పలేకపోతున్నారు, అంతే.

డ్రైవర్ అంటే నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాము. అది నడిచేది కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. కాబట్టి వాడు కుస్తీ పడుతున్నది తేలికపాటి విషయంతో కాదు. మామూలు ప్రోగ్రాముకు మెమరీ ర్యామ్‌లో ఏ మూల దొరికినా ఒకటే. పరికరాలకు అలా కుదరదు. కెర్నల్‌లో మెమరీ అడగడానికి కేమాలాక్, వీమాలాక్ అని రెండు ఫంక్షన్లున్నాయి. కేమాలాక్ ఇచ్చే మెమరీ ర్యామ్‌లో నిజంగానే పక్కపక్కన ఉంటుంది. వీమాలాక్ ఇచ్చేది పైకి వరసగా కనిపించినా, అడుగున పేజీలు (మెమరీ ముక్కలు) చెల్లాచెదురుగా ఉండొచ్చు. నెట్‌వర్క్ కార్డు డీఎంఏతో, అంటే ప్రాసెసర్ చేత మోయించకుండా, నేరుగా ర్యామ్‌లోకి రాస్తుంది కాబట్టి ఈ తేడా దానికి ప్రాణం. 32 బిట్ల చిరునామాలే తెలిసిన పరికరమైతే 4 జీబీ దాటిన చోటును నేరుగా అందుకోలేదు కూడా. ఇంటరప్ట్ (పరికరం పిలిస్తే ప్రాసెసర్ చేతిలో పని ఆపి చూసే అత్యవసర పని) నడుస్తుండగా మెమరీ కావాలంటే ఇంకో చిక్కు. మెమరీ ఎలా కావాలో చెప్పే గుర్తుగా 'జీఎఫ్‌పీ కెర్నల్' అని అడిగితే, మెమరీ దొరికేదాకా కెర్నల్ ఆ పనిని నిద్రపుచ్చవచ్చు. ఇంటరప్ట్‌లో నిద్ర నిషిద్ధం. 'జీఎఫ్‌పీ అటామిక్' అనాలి, అది 'లేదు' అన్నా తట్టుకునేలా కోడ్ రాయాలి. ఇవి బట్టీపట్టి వచ్చేవి కావు. మెషీన్ నాలుగుసార్లు పడిపోతేనే వంటబడతాయి.

ఏఐ మీద నాకు కోపం లేదు, మూడు నెలల కోర్సు మీద అనుమానం ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత పక్కనపెట్టి, రెడీమేడ్ లైబ్రరీని పిలవడం నేర్పితే ఏఐ వచ్చినట్టా? నా దగ్గరికొచ్చే రెజ్యూమెల్లో ఇళ్ల ధరలు అంచనా వేసే ప్రాజెక్టు ఒక్కటే, పేర్లే వేరు. ఆ ఏఐ లెక్కలు నడిచే చిప్‌కైనా, అదే జీపీయూకైనా, డ్రైవర్ కావాలి కదా!

డ్రైవర్ ఉద్యోగాలు వెబ్ ఉద్యోగాలన్ని ఉండవు, ఫ్రెషర్‌కు మొదటి అడుగు ఆలస్యమే. కానీ క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఈలోగా కెర్నల్‌లో ఇంకా మెరుగుపరచాల్సిన డ్రైవర్లుండే స్టేజింగ్ విభాగంలో చిన్న సవరణలు పంపడం మొదలుపెట్టమనండి. పోలిక అడిగారు గానీ, పక్కింటివాళ్లను చూసి పిల్లాడి దారి మార్చే తండ్రికి పోలికలు ఇవ్వబుద్ధి కాదు.

కోర్సు ఫీజు ఇంకా కట్టకపోతే, అందులో కొంత పెట్టి ఇంకో బోర్డు కొనివ్వండి. ఉన్నదాన్ని ఎలాగూ ఎప్పుడో కాల్చేస్తాడు.