టీవీ కొలత, కరణంగారి కర్ణం

సందేహం: మాది గుణుపురం. ఇంటి దగ్గరే కుట్టుమిషను పెట్టుకుని రవికెలు కుడతాను. పాత డబ్బా టీవీ పాడైపోతే గోడ టీవీ కొందామని ఈమధ్య రాయగడ వెళ్లాం. మా హాల్లో టీవీ కోసం కట్టించిన గూడు వెడల్పు 52 అంగుళాలు, ఎత్తు 32. కొట్లో అబ్బాయి ఒక టీవీ చూపించి "ఒసార 55" అన్నాడు. ఒసార అంటే ఒరియాలో వెడల్పే కదా, మన గూట్లో పట్టదులే అని 43 అంగుళాలది తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి టేపు పెడితే అడ్డంగా 38 కూడా పూర్తిగా లేదు. గూట్లో అటూ ఇటూ ఏడేసి అంగుళాలు ఖాళీ. ఫోను చేసి అడిగితే "అది మూల నుంచి మూలకి కొలతమ్మా" అన్నాడు. మా అబ్బాయి దాన్ని వికర్ణం అంటున్నాడు. మా మావగారు "అది కర్ణం. వెనకటికి కరణాలు కొలిచేవారు కాబట్టి ఆ పేరొచ్చింది" అంటారు. మా ఆయన మాత్రం బజారంతా వెడల్పే అంటోంది కాబట్టి అదే రైటు అంటారు. ఏది సరైన మాట?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు మాటలు వచ్చాయి. మీ కత్తెర కింద రోజూ ఆడే అయిదో మాట ఒకటుంది, దాన్ని మాత్రం మీరు రాయలేదు. దాని దగ్గరికి తరవాత వస్తాను. ముందు మీ మావగారి మాట చూద్దాం. పర్లాకిమిడిలో కూర్చుని ఈ శీర్షిక రాస్తున్న నాకు కరణం అన్న మాట వినపడితే దాటి వెళ్లడం కష్టం.

కరణానికీ కర్ణానికీ చుట్టరికం లేదు. కరణం 'కృ' ధాతువు నుంచి వచ్చింది. చేయడం, చేసే సాధనం, రాతకోతల పని, ఆ పని చేసే మనిషి, ఇలా అర్థం మారుతూ వచ్చింది. వ్యాకరణం అన్న మాట చివర ఉన్నదీ ఈ కరణమే. ఒడిశాలో కరణ అంటే రాతపని వృత్తిగా ఉన్న కులం. శ్రీకాకుళం వైపు శిష్టకరణాల పేరులోనూ అదే ఉంది. ఊరి లెక్కలు రాసేవాడు కరణం అయ్యాడు. మరి కర్ణం ఎలా అయ్యాడంటారా? తరవాత తర్వాత అయినట్టు, పరవాలేదు పర్వాలేదు అయినట్టు, మధ్య అక్షరం నాలుక మీద జారిపోయింది. "కర్ణంగారు" అని పలకడం వేరు, రాయడం వేరు. కర్ణం అన్న మాటకు వేరే సొంత ఇల్లుంది కాబట్టి ఊరి లెక్కలవాణ్ని రాసేటప్పుడు కరణం అనే రాయాలి.

ఆ సొంత ఇల్లు ఏమిటంటే, చెవి. కర్ణం అంటే మొదట చెవి. కర్ణభేరి, ఆకర్ణించడం, కర్ణపేయం అన్నీ అక్కడివే. తరవాత చెవిలా పక్కకు పొడుచుకొచ్చిన దానికల్లా ఆ పేరు పాకింది. కుండకు ఉండే పిడి కర్ణం. పడవకు వెనక ఉండే చుక్కాని కర్ణం, అది పట్టుకునేవాడు కర్ణధారుడు. నాలుగు పలకల బొమ్మకు మూలలు చెవుల్లా బయటికొచ్చి ఉంటాయి. ఒక చెవి నుంచి ఎదుటి చెవికి లాగిన గీత కర్ణం. "కర్ణాకర్ణిగా విన్నాం" అంటాం చూడండి, ఒక చెవి నుంచి ఇంకో చెవికి చేరిన మాట అని. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి టేపు లాగినప్పుడు మీరు చేసిందీ అదే.

ఈ పేరు మొదటి నుంచీ లేదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయనుడి శుల్బసూత్రాల్లో ఈ గీతను అక్ష్ణయారజ్జువు అన్నారు, అంటే అడ్డంగా వాలుగా లాగిన తాడు. శుల్బం అన్నా తాడే. యజ్ఞవేదిక కట్టేవాళ్లకు గీత కన్నా తాడే దగ్గర. తరవాత ఆర్యభటుడి దగ్గరికి వచ్చేసరికి భుజం, కోటి, కర్ణం అని మూడు పేర్లు కుదురుకున్నాయి. భుజం చేయి, కోటి వింటికొప్పు, కర్ణం చెవి. విల్లు పట్టి ఆకర్ణాంతం నారి లాగిన మనిషి ఒకడు లెక్కల పుస్తకంలో నిలబడ్డట్టు ఉంటుంది నాకు. భుజం వర్గమూ కోటి వర్గమూ కలిపితే కర్ణం వర్గం అవుతుందని ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. బళ్లో పైథాగరస్ పేరుతో చదువుకున్నదే.

తెలుగులో ఈ లెక్కలను పద్యాల్లో పెట్టినవాడు పావులూరి మల్లన. నాకు ప్రాణమైన కవి. పదకొండో శతాబ్దంలో, నన్నయ కాలానికి దగ్గరలో, మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. మహావీరుడు జైనుడు, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంవాడు. మల్లన శివభక్తుడు, అందుకని లెక్కల్లోకి శివపూజ తెచ్చాడు. మక్కికి మక్కి దించకుండా మన కొలతలకూ మన నాలుకకూ తగ్గట్టు మార్చుకున్నాడు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే అరవైనాలుగు గళ్లకూ కలిపి వచ్చే మొత్తం 18446744073709551615. ఇరవై అంకెలు. వాటిని శరం అంటే అయిదు, వేదం అంటే నాలుగు, కుంజరం అంటే ఎనిమిది అనే పద్ధతిలో ఆయన ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క మాటా విప్పి అంకె రాసుకుంటూ పోతే ఒక్కటి కూడా తప్పదు. నేను మొదటిసారి కాగితం మీద అలా రాసుకుని సరిచూసిన రోజు నాకింకా గుర్తుంది. ఇరవయ్యో అంకె కుదిరినప్పుడు పెన్ను కింద పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. వెయ్యేళ్ల కిందట ఇంత లెక్కను మోసిన భాష, ఇవాళ ఒక టీవీ అట్టపెట్టె మీద కొలత చెప్పలేక తడబడుతోందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ తడబాటు ఎక్కడ మొదలైందో కూడా చెబుతాను. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో దాని గాజుగొట్టం ముఖం గుండ్రంగా ఉండేది. గుండ్రానికి వెడల్పన్నా ఎత్తన్నా ఒకటే, వ్యాసం చెబితే సరిపోయేది. తరవాత ముఖం నలుపలకలైనా ఒక్క అంకెతో చెప్పే అలవాటు పోలేదు, వ్యాసం స్థానంలో కర్ణం వచ్చి కూర్చుంది. డబ్బా టీవీల్లో అడ్డం నాలుగు పాళ్లు, నిలువు మూడు పాళ్లు. అప్పుడు కర్ణం సరిగ్గా అయిదు పాళ్లు. 20 అంగుళాల డబ్బా అంటే లెక్క ప్రకారం అడ్డం 16, నిలువు 12. పునాదికి ముగ్గు పోసేటప్పుడు తాపీమేస్త్రి మూలమట్టం సరిగ్గా ఉందో లేదో చూసే మూడు, నాలుగు, అయిదు లెక్క ఇదే. ఇప్పటి గోడ టీవీల్లో అడ్డం పదహారు పాళ్లు, నిలువు తొమ్మిది పాళ్లు. కాబట్టి 55 అంగుళాల టీవీ తెర అడ్డం 48, నిలువు 27. 43ది అయితే ముప్పైఏడున్నర, 21. నమ్మకం కుదరకపోతే 48నీ 27నీ వర్గం చేసి కలపండి, 3033 వస్తుంది. 55 వర్గం 3025. ఆ ఎనిమిది తేడా మనం అంగుళం ముక్కలను పూర్తి అంగుళాలుగా సర్దేసినందువల్ల వచ్చింది.

అంటే అమ్మా, మీకు నచ్చిన ఆ 55ది చట్రంతో సహా మీ గూట్లో పట్టేది. ఒక్క మాట తప్పు చెప్పినందుకు మీరు చిన్నది తెచ్చుకున్నారు. మాటలు ఎలా అన్నా ఒకటే అనేవాళ్లకు మీ గూట్లో మిగిలిన ఆ ఏడేసి అంగుళాలు చూపించాలి.

ఇప్పుడు మీవారి వాదన. బజారంతా అంటే రైటు కాదా? ఈ ఊళ్లో ఉండి ఆ వాదనను నేను తేలిగ్గా తీసెయ్యలేను. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం నోట ఉన్నదే భాష అని పండితులందరితో పోరాడి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పక్షమే నాదీను. అయితే జనం వాడే మాట అంటే ఆ పని చేసే జనం వాడే మాట అని నేను అర్థం చేసుకున్నాను. వెడల్పు అన్నది అందరికీ తెలిసిన కొలత. వెడద రొమ్ము అన్నప్పటి వెడద దానికి చుట్టం. దుకాణంలో చీర పన్నా అడిగితే వెడల్పే చెబుతారు, మూలకు మూల కొలిచి చెప్పరు. దుకాణాలవాళ్లు "స్క్రీన్ వెడల్పు 55" అని రాయడం వాడుక కిందికి రాదు, తప్పుడు కొలత కిందికి వస్తుంది. "55 అంగుళాల టీవీ" అని ఊరుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. వెడల్పు అన్న మాట తగిలిస్తేనే చిక్కు. ప్రకటనల్లో "అద్భుతమైన వీక్షణ అనుభూతిని ఆస్వాదించండి" అని రాయడానికి పెట్టే శ్రద్ధలో కాస్త ఈ కొలత మీద పెట్టినా బాగుండేది.

ఇక అయిదో మాట. రవికె మెడకు పైపింగు వేయడానికి మీరు గుడ్డను నిలువుగా కత్తిరించరు, అడ్డంగానూ కత్తిరించరు. నిలువు పోగు మీద కత్తిరించిన పట్టీ మెడ వంపు దగ్గర ముడతపడుతుంది. మూల పట్టుకుని వాలుగా కత్తిరిస్తే ఆ పట్టీ సాగుతుంది, వంపుకి వంగుతుంది. ఇప్పుడు క్రాస్ అంటున్నారు గానీ, మీకు పని నేర్పినవారు దాన్ని "ఐమూలగా" అని ఉంటారు. చేతిరుమాలు ఒక మూల ఎదుటి మూలకి తెచ్చి మడిస్తే ఐమూలగా మడిచినట్టు. తెలుగు నిఘంటువుల్లో ఉన్న మాట ఇది, చేతిపనివాళ్ల నోట బతికిన మాట. మూల అన్నది అందులోనే ఉంది కాబట్టి వేరే వివరణ అక్కర్లేదు. "ఐమూల 55 అంగుళాలు" అని కొట్లో అబ్బాయి అని ఉంటే మీరు వెంటనే టేపు తీసి అడ్డం ఎంత అని అడిగేవారు.

వికర్ణం తప్పేమీ కాదు. హిందీలో అదే మామూలు, మీ అబ్బాయి ఏ హిందీ వీడియోలోనో విని ఉంటాడు. మన పై తరగతి లెక్కల్లోనూ వికర్ణ మాత్రిక ఉంది. బడి జ్యామితిలో మాత్రం తెలుగువాళ్లు కర్ణం అనే చదువుకున్నారు, అది చాలు. బల్లపరుపు టీవీని ఏమనాలని కొందరు అడుగుతుంటారు. సౌర ఫలకం అంటున్నాం కదా, పలక టీవీ అంటే చాలు. గోడ టీవీ అన్నా ఎవరికీ అర్థం కాకుండా పోదు.

అంగుళం గురించి ఒక్క మాట. మన పాత అంగుళం ఇంచి కాదు. వేలి వెడల్పు. 24 అంగుళాలు ఒక మూర, అంటే 18 ఇంచీలు. ఆ లెక్కన మీ 55 ఇంచీలు 73 పాత అంగుళాలు దాటతాయి. ఇంచికి అంగుళం అనే పేరు ఎప్పుడో స్థిరపడింది, ఇప్పుడు కదిలించి లాభం లేదు. అట్టపెట్టె మీద ఎలాగూ 139 సెంటీమీటర్లు అని ఉంటుంది.

కాబట్టి బడిలో కర్ణం, ఇంట్లో ఐమూల అని నా అభిప్రాయం. కొట్లో "మూల నుంచి మూలకి" అన్నా నేను తప్పు పట్టను, ఆ అబ్బాయి ఫోనులో చెప్పింది మంచి తెలుగే. ముందే చెప్పి ఉండాల్సింది.

మీ మావగారి వ్యుత్పత్తి ఒప్పుకోలేదని ఆయన నొచ్చుకోవద్దు. ఆయన చెప్పిన పని నిజమే. నాలుగు వైపులూ నాలుగు రకాలుగా ఉన్న చేను విస్తీర్ణం కట్టాలంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకి గొలుసు లాగి రెండు త్రిభుజాలు చేసుకోవాలి. 66 అడుగుల గొలుసు, నూరు లింకులు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉద్యోగం రద్దయ్యేదాకా కరణాలకు ఈ కొలత బాగా తెలుసు. గొలుసు పట్టుకున్నవాళ్లు అప్పుడు ఆ గీతను ఏమని పిలిచేవారో, గట్టు మీద నిలబడి ఏమని కేక వేసేవారో మీ మావగారిని అడిగి రాయండి. అడ్డ, కుంచం, తవ్వ, సోల లాంటి కొలతలు ఆయనకు ఎన్ని గుర్తున్నాయో, గుణుపురం వైపు వాటిని ఎలా పలికేవారో అది కూడా.