గద్వాల చీరల కొట్టుకు సొంత సర్వర్: పెట్టి చూసినోని మాట

తమ్మీ, నారాయణపేట చీరలు అమ్మనీకె ఇన్‌స్టా వదిలేసి, దాని లెక్కనే పోస్టులు పెట్టుకునే మాస్టడాన్‌ను సొంత సర్వర్ల, అంటే మనమే కిరాయికి తీసుకొని నడిపే నెట్ కంప్యూటర్ల, పెట్టుకుందామా అని అడిగినవు కదా. నేను గద్వాలల పెట్టి ఏడాదిన్నర నడిపిన. ఇన్‌స్టా వదలకు.

నాకు ఆ పిచ్చి ఎందుకు పట్టిందంటే, 2021 అక్టోబర్ 4 రాత్రి. మనం పొద్దస్తమానం చూసే ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ప్రపంచమంతా ఆరు గంటలు ఆగిపోయినయి. ఎల్లుండి ఎంగిలిపూల బతుకమ్మ. ఆర్డర్లన్నీ అందులనే ఇరుక్కున్నయి, ఒక్కరి నంబర్ కూడ నా దగ్గర రాసి లేదు.

మాస్టడాన్ 2016ల వచ్చింది, సాఫ్ట్‌వేర్ ఉచితం. వేరువేరు సర్వర్లు మెయిల్ లెక్క ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటయి. వినేందుకు బాగనే ఉంటది. కానీ కొత్త సర్వర్ల నువ్వొక్కనివే ఉంటే అది తలుపులేసిన ఇల్లే. మామూలుగ అవతలి సర్వర్ల ఎవరన్న నిన్ను ఫాలో అయితేనే నీ పోస్టులు అక్కడికి పోతయి. లేకుంటే వాళ్లు 'గద్వాల' అని హ్యాష్‌ట్యాగ్ వెతికినా నీ చీర కనపడది. పైసలు కట్టి పోస్టును పైకి లేపే ఏర్పాటూ లేదు. ఇంకొకటి, నువ్వు ఫాలో అయినోళ్ల ఫొటోల కాపీలు నీ డిస్కుల పేరుకుంటయి. పాతవి తీసేసే సెట్టింగ్ ఉందని నాకు తెల్వలే. సరిగ్గా దసరా వారంల డిస్కు నిండి సర్వర్ పడుకుంది. ఈసారి తిట్టనీకె కంపెనీ కూడ లేకపాయె.

అసలు సంగతి కొనేటోళ్లది. మా పాత తీరు చీరకు నడుమ నూలు, అంచు కొంగు పట్టు. ఆ రెండూ కలిసే కాడ దగ్గర నుంచి చూపియ్యమంటరు, వీడియో కాల్ చెయ్యమంటరు. "మాస్టడాన్‌ల అకౌంట్ తెరువక్కా" అంటే "ఎందుకు బిడ్డా, వాట్సాప్ లేదా?" అన్నది ఒకామె. ఏడాదిన్నరల అక్కడి నుంచి అమ్ముడుపోయినవి నాలుగు చీరలు, అందుల రెండు ఒక్కామెకే. అయితే ఆమె అడిగిన ప్రశ్నలు వేరే ఎవరూ అడగలే: రంగు ఏది, ఎవరు నేసిన్రు, ఎన్ని రోజులు పట్టింది. ఆ ముచ్చట్ల కోసమే ఇంకా అక్కడ ఉన్న. కాకుంటే సర్వర్ తీసేసి, వేరేటోళ్లు నడిపేదాంట్ల అకౌంట్ పెట్టుకున్న. అట్ల మారేటప్పుడు ఫాలోవర్లు వెంట వస్తరు, పాత పోస్టులు రావు. కొన్ని సర్వర్లు దుకాణం ప్రచారం ఒప్పుకోవు, నియమాలు ముందే చదువు.

నువ్వైతే సర్వర్ కిరాయికి పెట్టే పైసలతోని నీ పేరు మీద ఒక డొమైన్ (అంటే నెట్‌ల నీ సొంత అడ్రస్), చిన్న వెబ్‌సైట్ తీసుకో. కొత్త చీర మొదట అందులనే పెట్టి, ఆ లింకు ఇన్‌స్టాల వెయ్యి. బిల్లు రాసేటప్పుడు "కొత్తవి వస్తే చెప్పాల్నా" అని అడిగి, సరేనన్నోళ్ల నంబర్ పుస్తకంల ఎక్కియ్యి. మొన్నటి బతుకమ్మకు నేను ఆ పుస్తకం పట్టుకొని వరుసగా ఫోన్లు చేసిన, సగం సరుకు అట్లనే పోయింది.